రాగి మడి

1955 ఫిబ్రవరి పదకొండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం రూబెన్ లాంపర్డ్ తన భార్య ఈడిత్‌ని చర్చి పక్కన మట్టిలో పెట్టి ఇంటికి వచ్చాడు. వచ్చాక ఊళ్ళోవాళ్ళు ముప్పై మంది అతని ముందుగదిలో టీ తాగుతూ క్రెస్ సాండ్‌విచ్‌లు తిన్నారు. సన్నగా కోసిన తెల్ల రొట్టె, అంచుల దాకా రాసిన వెన్న, చిటికెడు ఉప్పు, మధ్యలో పారే నీళ్ళలో పెరిగే క్రెస్ అనే ఘాటు కూర ఆకు. ఆ తరవాత బతికిన పందొమ్మిదేళ్ళలో ఆ తేదీ గాని, ఆ సాండ్‌విచ్‌లు గాని అతనికి మరుపురాలేదు.

తడిబట్ట కప్పిన పళ్ళెం పట్టుకుని గదంతా తిరుగుతున్నది ఈడిత్ చెల్లెలు హెస్టర్. రూబెన్ కిటికీ దగ్గర నిలబడి ఒకటి తీసుకున్నాడు. ఆకలి లేదు గాని, తినకపోతే అందరూ తినమని బతిమాలతారు. కొరికాడు. ముందు వెన్న చల్లగా తగిలింది, తరవాత ఉప్పు. ఆపైన ఘాటు మొదలైంది. మామూలు పచ్చ క్రెస్ ఘాటు నాలుక చివర కాసేపు చురుక్కుమనిపించి పోతుంది. ఇది పోలేదు. ఆవ నూరిన రోలు దగ్గర నిలబడ్డట్టు ముక్కులోకి పాకి, కళ్ళ వెనక్కి ఎక్కింది.

అతని చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇది రాగి మడిలో ఆకు.

వెల్‌కోట్ ఊరికి పైన సుద్దగుట్టలున్నాయి. వాటి అడుగు నుంచి ఊటలు పుట్టి ఇచెన్ నదిలో కలుస్తాయి. ఆ నీటికి ఎండాకాలం, చలికాలం అనే తేడా లేదు. ఏడాది పొడుగునా ఒకటే వెచ్చన. ఆ నీటిని గులకరాళ్ళ మడుల్లోకి మళ్ళించి మూడు తరాలుగా క్రెస్ పండిస్తున్నారు. ఒకప్పుడు లోయంతా రాగిరంగు క్రెస్సే. చలి ముదిరేకొద్దీ దాని ఆకులు రాగి చెంబు రంగుకి తిరిగేవి, ఘాటు పెరిగేది. లండన్ బజారులో ఆ కట్టలు బళ్ళ మీంచి దిగక ముందే అమ్ముడయ్యేవి.

యుద్ధం అయ్యాక తెగులు వచ్చింది. వేళ్ళు ఉబ్బి, పందితోకల్లా చుట్టలు చుట్టుకుని, పట్టిన రాళ్ళని వదిలేసేవి. పొద్దున్న చూసేసరికి మడికి మడి తేలి కిందికి కొట్టుకుపోయేది. వ్యవసాయ శాఖ మనిషి వచ్చి చూసి, మొత్తం పీకేసి రాళ్ళు కడిగి పచ్చ క్రెస్ గింజ చల్లుకోమన్నాడు. అతను చెప్పింది మంచి మాటే. పచ్చ రకం తెగులుకి అంత తేలిగ్గా లొంగలేదు. అందరూ మారారు. రూబెన్ కూడా ఏడు మడులు మార్చాడు. ఊట పుట్టే చోట, నాలుగు మంచాలంత ఉన్న ఎనిమిదో మడిని మాత్రం ఈడిత్ ముట్టుకోనివ్వలేదు. అందులో ఉన్నది వాళ్ళ నాన్న మడి నుంచి పుట్టింటి సారెలా తెచ్చుకున్న నారు.

రాగి క్రెస్‌తో ఒక చిక్కుంది. పూత పూస్తుంది గాని గింజ పట్టదు. కాడ తుంచి రాళ్ళలో గుచ్చితేనే మళ్ళీ మొక్క. ఏటా ఆగస్టులో ఈడిత్ మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి ఒక్కో కాడా తనే గుచ్చేది. లోయలో ఇంకెవరి దగ్గరా ఆ రకం మిగల్లేదు. రెండేళ్ళ కిందట రూబెన్ సైకిలు మీద ఊరూరూ తిరిగి అడిగి మరీ వచ్చాడు.

"నాకోసం ఏడుస్తావో మానతావో నీ ఇష్టం," అంది ఈడిత్, పోయే ముందు వారం, గొంతు పూర్తిగా పెగలని రోజున. "రాగిని మాత్రం పోనివ్వకు. అది పోతే ఎవర్ని అడిగి తెస్తావయ్యా?"

"పోనివ్వను," అన్నాడు రూబెన్.

గడ్డకట్టే చలి పట్టింది. క్రెస్‌కి చలినుంచి కాపు నీళ్ళే. తూముకి ఒక పలక ఎక్కువ వేస్తే మడిలో నీరు జానెడు లేచి మొక్కల్ని ముంచేస్తుంది. ఊటనీరు వెచ్చన కాబట్టి మునిగి ఉన్నంతసేపూ మొక్కకి ఏమీ కాదు. ఈడిత్ పోయిన సాయంత్రం కూడా రూబెన్ వెళ్ళి పలక సరిచూసి వచ్చాడు. ఇంట్లోంచి కాసేపు బయటపడ్డానికి ఆ పని ఉండటమే అతనికి ఆ రోజు దొరికిన ఊరట.

హెస్టర్ పోర్ట్స్‌మత్ నుంచి గురువారం రైల్లో దిగింది. క్రిస్మస్ అప్పుడే అక్క ఉత్తరం రాసింది. ఒంట్లో బాగాలేదు, వీలుంటే ఒకసారి రా అని. అక్క ఎప్పుడూ ఇంతే, చిన్నదాన్ని పెద్దది చేస్తుంది అనుకుని హెస్టర్ కొట్టు పనిలో పడిపోయింది. ఆమెకి ఆఖరి చూపు దక్కలేదు. వచ్చిన దగ్గర్నుంచి కూర్చోలేదు. పళ్ళేలు తోమింది, కర్టెన్లు ఉతికింది, తోమిన పళ్ళేలే మళ్ళీ తోమింది. కళ్ళు మాత్రం తడవలేదు. రూబెన్‌కి అది చూస్తే భయం వేసింది.

"సాండ్‌విచ్‌లకి ఆకు కింది మడిలో కోయిస్తా హెస్టర్. పొద్దున్నే వాల్ట్ కోసి తెచ్చిస్తాడు," అని రూబెన్ ముందురోజే చెప్పాడు. ఆమె తల ఊపింది.

ఇప్పుడు నోట్లో ఉన్నదాన్ని మింగి అతను ఆమెని పిలిచాడు.

"హెస్టర్, ఈ ఆకు..."

"కనిపెట్టేశావా బావా!" ఆమె ముఖం వెలిగింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి. "నాకు తెలుసు, నువ్వు ఒక్కడివే కనిపెడతావని. అక్క సాగనంపుకి పచ్చ గడ్డి పెడతానా చెప్పు? వాల్ట్ తెచ్చింది అలాగే గంపలో ఉంది, పక్కింటావిడకి ఇచ్చేస్తా. తెల్లారగానే అక్క బూట్లు తొడుక్కుని నేనే వెళ్ళా. ఇరవై ఐదేళ్ళయింది కత్తి పట్టి. చెయ్యి మర్చిపోలేదు బావా!"

"మొత్తం కోశావా?"

"ముప్పై మందికి సరిపోవద్దూ? మొదలంటా కోశా. నాన్న చెప్పేవాడుగా, కిందికి కోస్తే గుబురుగా లేస్తుందని. మూడు వారాల్లో మళ్ళీ మడి నిండదూ?"

రూబెన్ గుండె కాస్త కుదుటపడింది. కోత వల్ల మొక్క చావదు. నీళ్ళు పైన ఉంటే మోడు మళ్ళీ చిగురుస్తుంది. ఉంటే.

"నీళ్ళు దించే కోశావా?" మామూలుగానే అడగడానికి చూశాడు.

"దించకపోతే మొదలు ఎలా కనబడుతుంది? పలక ఎత్తి గట్టు మీద పెట్టా."

"మళ్ళీ వేశావా?"

హెస్టర్ నవ్వింది. "భలేవాడివే. కోసేవాళ్ళు పలక వేస్తారా ఎక్కడైనా? నాన్న చూస్తే చేతుల మీద ఒక్కటిచ్చేవాడు. దించడం మన పని, ఎక్కించడం తూము మనిషి పని."

అది నిజమే. వాళ్ళ నాన్న కాలంలో ఇరవై మంది కోసేవాళ్ళు ఉండేవారు. ఒకరు తొందరపడి పలక వేస్తే పక్క వరసలో వంగి ఉన్నవాళ్ళ బూట్లలోకి నీళ్ళు పోయేవి. అందుకని అందరూ గట్టెక్కాక, తలలు లెక్కపెట్టుకుని, తూము మనిషే వేసేవాడు. ఆ మడులు కొనుక్కున్నవాళ్ళు తూము మనిషిని తీసేసి పదిహేనేళ్ళయింది. ఊట దగ్గర మడి పనులన్నీ ఈడిత్ ఒక్కతే చూసుకునేది.

"ఎన్నింటికి కోశావు?"

"ఎనిమిది అయుంటుంది. ఏం బావా?"

గోడ గడియారం మూడు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. కిటికీ అద్దం మీద మధ్యాహ్నం ఎండకి కూడా కరగని మంచు పూత ఉంది. తూర్పుగాలి.

"ఏం లేదు. బాగుంది," అన్నాడు రూబెన్. "చాలా బాగుంది." చేతిలో మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుని, వంటింట్లోంచి పెరటి తలుపు తీసుకుని బయటపడ్డాడు.

నల్ల కోటు, మెరుగుపెట్టిన బూట్లు. పరుగెత్తకూడదనుకున్నాడు. కిటికీల్లోంచి ఎవరైనా చూస్తారు. గుమ్మం దాటి తోవ మలుపు తిరిగేదాకా నడిచి, ఆ తరవాత పరుగెత్తాడు. అరవై రెండేళ్ళ మనిషి పరుగు ఎంత ఉంటుందో అంతే. వెనకాల ఎవరో దగ్గుతూ వస్తున్నట్టు వినబడింది గాని తిరిగి చూడలేదు.

ఊటలోంచి ఆవిరి లేస్తోంది. చలిరోజుల్లో అది ఎప్పుడూ అంతే, వంటింటి గిన్నెలా పొగలు కక్కుతుంది. అంత వెచ్చని నీరు మడిలో నిలవకుండా, ఎత్తేసిన తూములోంచి గలగలా పోతోంది. గులకరాళ్ళ మధ్య రెండు మూడు పాయలు సన్నగా మెరుస్తున్నాయి. మిగతా మడంతా తెల్లగా ఉంది. కోసిన మోళ్ళు వరసలు వరసలుగా, ఒక్కోదాని చుట్టూ గాజు తొడుగులా మంచు కట్టి నిలబడి ఉన్నాయి. కోత మాత్రం ఎంత శుభ్రంగా ఉందో. ఒక్క మోడూ చీలలేదు. అన్నీ ఒకే ఎత్తు.

పలక గట్టు మీద ఉంది. రూబెన్ దాన్ని తీసి గాడిలో దింపాడు. ఒక పక్క గాడిలో పడింది, రెండో పక్క పడలేదు.

"ఉండు, ఉండు. నువ్వు దిగకు," అంటూ వాల్ట్ వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. వాల్ట్ పిట్‌మన్‌కి డెబ్బై మూడేళ్ళు. రూబెన్ దగ్గర నలభై ఏళ్ళుగా క్రెస్ కోస్తున్నాడు. ఇందాక శవపేటిక ముందువైపు మోసింది అతనే. "సాండ్‌విచ్ నోట్లో పెట్టుకుని పరుగెత్తావంటే మడికేదో అయిందనుకున్నా. అయ్యో, అయ్యో. ఎవరు చేశారీ పని?"

రూబెన్ తన పక్క నొక్కి పలకని అడుగుదాకా దింపాడు. నీళ్ళు మెల్లగా లేచాయి. మోళ్ళ మధ్యకి, తరవాత మోళ్ళ మీదికి. వెచ్చని నీరు తగలగానే మంచు చిటచిటా విరిగింది. మంచు విడిన చోటల్లా కాడలు నల్లగా, మెత్తగా వాలిపోయాయి. అతను నల్ల కోటుతోనే గట్టు మీద మోకాళ్ళూని నీళ్ళలోకి చెయ్యి పెట్టాడు. ఒక్కొక్క మోడూ వేళ్ళతో నొక్కి చూశాడు. గట్టిగా ఉన్న కాడ ఒక్కటి చాలు. ఒక్క కణుపు చాలు. నొక్కిన ప్రతిదీ వేళ్ళ మధ్య జావయింది.

వాల్ట్ మోకాళ్ళ మీద కూర్చోలేక నిలబడే వంగి, ఒక మొక్కని పైకి లాగాడు. అది ఏమాత్రం మొరాయించకుండా వచ్చేసింది. వేళ్ళు ఉబ్బి, చుట్ట చుట్టుకుని ఉన్నాయి.

"ఇదిగో చూడు. ఇక్కడికీ వచ్చేసింది తెగులు," అన్నాడు. "ఈడిత్‌కి తెలిసే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఎలాగూ పోయేదే రూబెన్."

"ఆ ఏడాదైనా ఉండేది కదా వాల్ట్."

వాల్ట్ ఆ మొక్కని పారెయ్యబోయి, పారెయ్యలేక, నీళ్ళలోనే మెల్లగా వదిలాడు.

"మార్చి దాకా చూద్దాం," అన్నాడు.

"చూద్దాం."

ఇద్దరూ ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్ళే. మార్చి మాట ఊరడింపుకే అన్నారని ఇద్దరికీ తెలుసు.

తిరిగి వస్తుంటే రూబెన్‌కి ఒక ఆలోచన తట్టింది. మోళ్ళు పోతే పోయాయి, కోసిన కాడలు ఉంటాయి. సాండ్‌విచ్‌లో లేత ఆకే వేస్తారు, లావు కాడలు తీసేస్తారు. నీటివేళ్ళు మొలిచేది ఆ లావు కాడలకే. ఒక గ్లాసు నీళ్ళు, ఒక కాడ, పది రోజులు. ఈసారి అతను దాచుకోకుండా పరుగెత్తాడు.

వచ్చినవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. వంటింట్లో హెస్టర్ చేతులు పైకి మడిచి పొయ్యి ముందు నిలబడి ఉంది.

"హెస్టర్, ఆకు ఏమైనా మిగిలిందా?"

"ఒక్క రెబ్బ లేదు!" ఆమె గొంతులో గర్వం దాగలేదు. "పాదిరి గారు ఆరు తిన్నారు. పైకి మాత్రం రెండే అన్నారు. పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ, ఇది ఈడిత్ చిన్నప్పటి రుచే అంది. పళ్ళెంలో ఐదే మిగిలాయి, నీకని మూతపెట్టా."

"కాడలో? కాడలు ఎక్కడ పారేశావు?"

"పారేస్తానా? క్రెస్ ఇంట్లో పుట్టి కాడలు పారేస్తానా బావా?" గరిటెతో పొయ్యి మీది పెద్ద గిన్నె అంచు మీద కొట్టింది. "రెండు బంగాళాదుంపలు, ఉల్లిపాయ వేసి పడేశా. పొద్దుట్నుంచీ ఉడుకుతోంది. రేపు నేను వెళ్ళిపోయాక కూడా నీకు రెండు పూటలు వస్తుంది."

గిన్నెలో సూపు చిక్కగా, ముదురాకుపచ్చగా బుడగలు వేస్తోంది. రూబెన్ చాలాసేపు అందులోకి చూశాడు.

"ఆ మోకాళ్ళేంటి? కోటంతా బురద! అక్కని పంపించిన రోజే మడిలో దిగాలా?" అంటూ హెస్టర్ తడిగుడ్డ తెచ్చి అతని మోకాళ్ళ దగ్గర వంగింది. చిన్నపిల్లాడికి తుడిచినట్టు గట్టిగా తుడిచింది. "అక్క ఉంటే ఇల్లెక్కి అరిచేది."

వెనకాలే వాల్ట్ ఆయాసపడుతూ లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అతని చేతికి టీ కప్పు వచ్చింది, దాంతో పాటు ఒక సాండ్‌విచ్.

"అంచులన్నీ కోసేశావేమ్మా," అన్నాడు దాన్ని తిప్పి చూస్తూ. "పోర్ట్స్‌మత్‌లో ఇంతేనా? నా పళ్ళకి పనెక్కడుంది ఇందులో?"

"ఉన్నవి మూడు పళ్ళు, వాటికి పని కూడానా? తిను మాట్లాడకుండా."

వాల్ట్ తిన్నాడు. నములుతూ నములుతూ ఆగాడు. ఆ రుచి అతనికి తెలియంది కాదు. మెల్లగా తలెత్తి హెస్టర్ వైపు చూశాడు. ఎవరు చేశారని మడి దగ్గర తను అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు అతని నోట్లో ఉంది.

"నువ్వా కోసింది? తూము పలక తీసి..."

"నేనే. ఏం, కోత బాగోలేదా?"

"కోత కాదమ్మా. పలక..."

"పలక నేను మర్చిపోయాను," అన్నాడు రూబెన్.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అతను దాన్ని తగ్గించుకున్నాడు.

"వెయ్యాల్సింది నేనే కదా. ఇప్పుడు తూము మనిషిని నేనే. పొద్దుట్నుంచీ ఈ హడావుడిలో గుర్తు రాలేదు. ఇప్పుడు వెళ్ళి వేసొచ్చాం, నేనూ వాల్ట్ కలిసి. అంతే కదా వాల్ట్?"

వాల్ట్ నోట్లో ముక్క మింగి, టీ ఒక గుక్క తాగాడు.

"అంతే," అన్నాడు చివరికి. "బరువు పలక. ఇద్దరం పట్టాల్సి వచ్చింది."

"ఆలస్యం అయిందా? మొక్కకి ఏం కాలేదుగా?" హెస్టర్ చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది.

రూబెన్ ఆమె ముఖం చూశాడు. ఈడిత్ కళ్ళే. ఈ ఇంట్లో అక్క కోసం తను చెయ్యగలిగిన ఒకే ఒక్క పని బాగా చేశానా అని ఆ కళ్ళు అడుగుతున్నాయి. పోనివ్వనని ఈడిత్‌కి మాటిచ్చి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. ఆ మాట ఎలాగూ నిలబడలేదు. రాగి పోయిందని ఇప్పుడు చెప్తే దానితో పాటు హెస్టర్‌కి మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుంది.

"ఏం కాలేదు," అన్నాడు.

హెస్టర్ ఊపిరి వదిలింది. ఆ ఊపిరితో పాటే ఏడుపు వచ్చింది. రెండు రోజులుగా రానిది, ఒక్కసారిగా. బల్ల మీద తల వాల్చేసి, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చింది. "రమ్మని రాసింది బావా, రమ్మని రాసింది, నేనే రాలేదు," అని ఆ మాటే పదిసార్లు అంది. వాల్ట్ టోపీ తీసుకుని చప్పుడు చెయ్యకుండా లేచాడు. వెళ్తూ వెళ్తూ రూబెన్ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేశాడు.

రూబెన్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మిగిలిన నాలుగు సాండ్‌విచ్‌లు ముందుకు లాక్కున్నాడు. మెల్లగా తిన్నాడు. ఒక్కోటి ముగించాక ఘాటు పూర్తిగా దిగేదాకా ఆగి, అప్పుడు ఇంకోటి తీసుకున్నాడు. నాలుగోది సగం చేసి ఒక సగం హెస్టర్ ముందు పెట్టాడు. ఆమె ముక్కు తుడుచుకుంటూ, చిన్నపిల్లలా, ఏడుస్తూనే తినేసింది.

చీకటి పడ్డాక సూపు తాగారు. ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది. రూబెన్ మారు వేయించుకున్నాడు.

"ఏప్రిల్‌లో వస్తా బావా," అంది హెస్టర్. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది గాని ముఖం తేలికపడింది. "అప్పటికి మడి లేస్తుంది కదా. ఆగస్టులో మళ్ళీ వచ్చి ఈసారి నేనే గుచ్చుతా. అక్క ఎలా గుచ్చేదో నువ్వు పక్కనుండి చెప్పు."

"రా," అన్నాడు రూబెన్. "మడి ఎలా ఉన్నా సరే, రా."

ఆమె పొయ్యి పక్క వాలుకుర్చీలో కాళ్ళు ముడుచుకుని, ఇంకేదో చెప్తూ చెప్తూ సగంలోనే నిద్రపోయింది. రూబెన్ గిన్నెలు నీళ్ళలో పెట్టాడు. ఈడిత్ ఊలు శాలువా తెచ్చి ఆమె మీద కప్పాడు. శాలువా అంచు మెడ దాకా లాగుతుంటే ఆమె నిద్రలోనే దాన్ని గుప్పెట్లో పట్టుకుంది. పొయ్యిలో ఇంకో బొగ్గు వేసి, దీపం తగ్గించాడు. గొళ్ళెం చప్పుడైతే లేస్తుందని దాన్ని వేలితో ఎత్తి పట్టుకుని, వంటింటి తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.